మామ ఎనిమిది వద్దన్నాడు

మొన్న నేనేం చేసినానో చెప్తా. నవ్వుకోవాలంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా విని నవ్వండి. మా మామ ఒక శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా చావు కోసం ఎదురుచూసినాడు. ఆ చావు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లోంచి వచ్చింది. పంపించింది నేనే. ఒక అంకె మార్చాల్సిన చోట మార్చకుండా పంపించినా.

ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి. ఆఫీసంటే ఏముంది, వేలూరు పాత బస్టాండు వెనకాల కింద ఎస్టీడీ బూత్, దాని మీద మా గది. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, నేను, సెల్వం. సెల్వం నాతో కాలేజీలో చదివినవాడు. అప్పటికి వీధికొక కంప్యూటర్ సెంటర్ లేచింది. అందరూ నేర్పిస్తామనేవాళ్ళే, రాస్తామనేవాడు ఒక్కడూ లేడు. మేం సాఫ్ట్‌వేర్ రాస్తామని బోర్డు పెట్టినాం. మొదటి ఆరు నెలలు ఆ బోర్డు చూసి మెట్లెక్కినవాళ్ళంతా జిరాక్స్ ఎంత అని అడిగినవాళ్ళే.

అట్లాంటి మాకు గుడియాత్తంలో పళని దొరికినాడు. పళనిది రక్తపరీక్షలు చేసే చిన్న ల్యాబు. ఒక లినక్స్ కంప్యూటరు పెట్టి, దానికి రెండు టెర్మినళ్ళు తగిలించి, రెండు ప్రోగ్రాములు రాసిచ్చినాం. లోపలి గదిలో పళని కూర్చుని పరీక్షల అంకెలు కొట్టేది ఒకటి. బయట కౌంటర్లో రిపోర్టు ప్రింట్ చేసేది ఇంకొకటి. రెండింటికీ కావాల్సిన కోడ్ చాలావరకు ఒకటే కాబట్టి, దాన్ని విడదీసి వేరే ఫైలుగా పెట్టినాం. షేర్డ్ లైబ్రరీ అంటారు దాన్ని. రెండు ప్రోగ్రాములూ నడిచేటప్పుడు ఆ ఒక్క ఫైలునే తెరుచుకుని వాడుకుంటాయి.

ఆ ఫైలు పేరు చివర ఒక నంబరు ఉంటుంది. మాది ఏడు. మేం దాన్ని రాసే చోట 7:0:0 అని మూడు అంకెలుంటాయి, పేరులోకి వచ్చేది మొదటిదే. ప్రోగ్రాము తయారైన రోజు ఏ నంబరుతో తయారైందో, తర్వాత ఎన్నాళ్ళైనా ఆ నంబరు లైబ్రరీనే వెతుక్కుంటుంది. ఏడు కనపడితే చాలు, లోపల ఏముందని అడగదు. అంత నమ్మకం దానికి. మనుషుల్లో కూడా అంత నమ్మేవాళ్ళు మా మామలాంటోళ్ళు ఒకరిద్దరే ఉంటారు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, మునుసామి మేస్త్రి. గుడియాత్తం చుట్టుపక్కల ఆయన కట్టిన ఇళ్ళు ఎన్నో ఆయనకే లెక్క తెలియదు. చదువు రాదు. తెలుగులో మాట్లాడతాడు, తమిళంలో తిడతాడు, రెంటిలోనూ ఒక్క అక్షరం చదవలేడు. అంకెలు మాత్రం వస్తాయి. అందులోనూ ఎనిమిదంటే పడదు. మా పక్క ఎనిమిది శనీశ్వరుడి నంబరని చాలామందికి ఉన్నదే, మామకి ఇంకా ముదిరింది. ఆయన కట్టిన ఇంట్లో ఎనిమిది మెట్లు ఉండవు, ఎనిమిది కిటికీలు ఉండవు. ఎనిమిదో తేదీన ముగ్గు పోసి పునాది తవ్వడు.

మామకి హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నారు. వారానికొకసారి సోమవారం వచ్చే సర్జన్, రక్తపరీక్షల రిపోర్టు పట్టుకుని రమ్మన్నాడు. సరిగ్గా అదే వారం పళని మమ్మల్ని ఒక పని అడిగినాడు. పరగడుపున తీసే షుగరు ఒక్కటే కాదు, తిన్న తర్వాత తీసే షుగరు కూడా ఎక్కించేదానికి చోటు కావాలన్నాడు. సరేనని లైబ్రరీలో పరగడుపు షుగరు పక్కనే, రెండో స్థానంలో కొత్త అంకెకి చోటు చేసినా. అంతవరకు రెండో స్థానంలో ఉన్న యూరియా మూడుకి పోయింది. మూడులో ఉన్న క్రియాటినిన్ నాలుగుకి పోయింది. క్రియాటినిన్ అంటే కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే అంకె. మంచి మనిషికి ఒకటి అటూ ఇటూ ఉండాలి.

ప్రింట్ చేసే ప్రోగ్రామును ఈసారి ముట్టుకోవద్దనుకున్నాం. కొత్త అంకె ఒక్కటీ రిపోర్టు మీద పెన్నుతో రాసుకుంటానని పళనే అన్నాడు. కనియంబాడిలో చెల్లెలి నిశ్చితార్థం ఉండి సెల్వం శుక్రవారం పొద్దున్నే బయల్దేరినాడు. పోతాపోతా మెట్ల మీద నిలబడి చెప్పినాడు. లోపల రిపేరు మాత్రమే చేసి ఉంటే నడిమి నంబరు పెంచు, వరస మారిపోయింది కాబట్టి మొదటి నంబరు పెంచి ఎనిమిది చెయ్, అప్పుడు పాత ఏడు దాని పాటికి అట్లే ఉంటుంది, ప్రింట్ ప్రోగ్రాము దాన్నే వాడుకుంటుంది అని. తెలుసులే పోరా అన్నా. నిజంగానే తెలుసు. అదీ నా ఖర్మ.

ఆ మధ్యాహ్నం మామ వేలూరు వచ్చినాడు, నన్ను వెంటబెట్టుకుని గుడియాత్తం పోదామని. నా కుర్చీ వెనకాల స్టూలేసుకుని కూర్చుని స్క్రీన్ చూస్తా ఉన్నాడు. నేను ఆ నంబరుండే మేక్‌ఫైల్ తెరిచి, 7:0:0 అని ఉన్న చోట 8:0:0 కొట్టినా.

"ఏందిరా దామూ, ఎనిమిదా అది?"

"అవును మామా. లైబ్రరీ నంబరు."

"రేపు నా రగతం లెక్క దీంట్లోనే గదా పొయ్యేది?"

"దీంట్లోనే."

"అట్లయితే అది మాత్రం వద్దు నాయనా. మా తమ్ముడు సారం మీంచి పడింది ఎనిమిదో తేదీ. దాన్ని తీసెయ్."

సారం అంటే గోడ కట్టేటప్పుడు నిలబడే కొయ్యల కట్టు. చిన్నమామ దాని మీంచి పడి పోయిన రోజు నాకూ గుర్తుంది. కత్తి కిందికి పోబోయే మనిషి, ఎదురుగా కూర్చుని వద్దంటున్నాడు. నాలో ఇంజనీరు ఉన్నాడో లేడో తెలియదు, అల్లుడు మాత్రం ఉన్నాడు. సరే మామా అని 7:1:0 కొట్టినా. అంటే ఏమని అర్థం? లోపల చిన్న రిపేరు తప్ప ఏమీ మారలేదు, అందరూ నిశ్చింతగా వాడుకోండి అని. మామ తృప్తిగా తలూపి టీ తెప్పించినాడు.

పరీక్ష చెయ్యలేదా అంటారేమో. చేసినా. మా గదిలో రెండు ప్రోగ్రాములనూ మళ్ళీ మొదటినుంచి కంపైల్ చేసి నడిపి చూసినా. అన్ని అంకెలూ వాటి వాటి చోట్లలో వచ్చినాయి. ఎందుకు రావు? రెండూ కొత్త వరస తెలిసినవే. ఫ్లాపీలో వేసుకుంది మాత్రం లైబ్రరీ, లోపలి గది ప్రోగ్రాము, ఈ రెండే. పళని దగ్గరుండే పాత ప్రింట్ ప్రోగ్రాముకి ఈ కొత్త వరస ఎవరూ చెప్పలేదు. పెళ్ళి పంక్తిలో రెండో విస్తరి ముందు కొత్తగా ఒకరొచ్చి కూర్చున్నారు, వడ్డించేవాడేమో పేర్లు చూడకుండా వరసని బట్టి వడ్డించుకుంటా పోతాడు. అంతే జరిగింది.

శనివారం పొద్దున గుడియాత్తంలో ఫ్లాపీ ఎక్కించినా. మామ పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, రెండు గంటలాగి ఇంకోసారి ఇచ్చినాడు. తిన్న తర్వాతి షుగరు కంప్యూటర్లో ఎక్కిన మొదటి మనిషి మా మామే అని పళని భుజం తట్టినాడు. నేను గొప్పగా పదకొండు గంటల బస్సెక్కి వేలూరు వచ్చేసినా. ఆ రోజు ల్యాబుకి వచ్చిన మిగతావాళ్ళకి ఒక్క పరగడుపు షుగరే. అది మొదటి స్థానం, చోటు మారలేదు. అందుకని తప్పు పళని కంట పడలేదు. అన్ని పరీక్షలూ చేయించుకుంది మామ ఒక్కడే.

మామ చేతికొచ్చిన కాగితంలో యూరియా అనే చోట నూట ముప్పై రెండు ఉంది. అది ఆయన తిన్న తర్వాతి షుగరు. క్రియాటినిన్ అనే చోట ఇరవై ఎనిమిది ఉంది. అది ఆయన యూరియా. ఎనిమిది ఎట్లైనా వచ్చి కూర్చుంది చూడండి. కౌంటర్లో ఉన్నామె కాగితం మడిచి కవర్లో పెట్టి ఇచ్చింది. కొత్త అంకె ఒక్కటి పెన్నుతో రాయాల్సిన పళని లోపల రక్తం తీస్తా ఉన్నాడు. మామ ఆ కవరు పట్టుకుని, తెలిసిన మందుల షాపుకి పోయి చదవమన్నాడు. షాపతను చదివి, కాగితం వైపూ మామ వైపూ రెండుమూడు సార్లు చూసి, నడిచేనా వచ్చినావు అని అడిగినాడంట. రెండు కిడ్నీలూ పోయినట్టే ఉంది, సోమవారం దాకా జాగ్రత్త అన్నాడంట.

మామ నాకు ఫోన్ చెయ్యలేదు. బిడ్డ భయపడతాడులే అన్నాడంట అత్తతో. ఇంటికొచ్చి తాపీ, రసమట్టం, కొలకర్ర అన్నీ బయటేసి, కడిగి, తుడిచి, గోనెసంచిలో కట్టిపెట్టినాడు. సాయంత్రం గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని బజారులో ఫోటో స్టూడియోకి పోయినాడు. పెద్ద సైజు ఒకటి తియ్యప్పా, కింద తేదీ రాసుకునేదానికి జాగా విడువు అని చెప్పినాడంట. స్టూడియో వాడు పుట్టినరోజా అని అడిగినాడు. మామ కాదన్నాడు. ఇది చెప్పేటప్పుడు అత్తకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. నాకు ఏడుపే వచ్చింది.

ఇంతటితో అయ్యుంటే ఇదొక నవ్వుకునే కథే. ఆదివారం పొద్దున మామ బస్సెక్కి కే.వి.కుప్పం పోయినాడు.

అక్కడ సుగుణమ్మ అని ఒకామె ఉంది. ఇంటి ముందు పెద్ద గది కట్టించుకుని నాలుగు మగ్గాలు పెట్టి లుంగీలు నేయిస్తుంది. ఆ గది కట్టింది మామే, ఆరేళ్ళైంది. మొదట వేసిన ప్లానులో గది నడిమధ్యన ఒక స్తంభం ఉండేది. మగ్గాలకి అడ్డమని సుగుణమ్మ దాన్ని తీసెయ్యమంది. మామ తీసేసినాడు. స్తంభం తీస్తే పైన దూలంలో ఇనుప కమ్మీలు ఎక్కువెయ్యాలి. ఆ రోజు కాంక్రీటు కలిపేసి ఉన్నారు, మబ్బు పట్టింది, కూలీలు నిలబడి ఉన్నారు. ఆరు కమ్మీలు పడాల్సిన దూలంలో పాత లెక్క ప్రకారం నాలుగే వేసి పోసేసినాడు. పైన పూత పూసినాక నాలుగో ఆరో ఎవరికి కనపడుతుంది? ఆరేళ్ళుగా ఆ గది కింద నలుగురు మనుషులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని నేస్తా ఉన్నారు. ఆరేళ్ళుగా వాన పడినప్పుడల్లా మామకి నిద్ర పట్టలేదంట. మాకెవరికీ తెలియదు.

చచ్చేలోగా చెప్పాలని పోయి చెప్పినాడు. చెప్పి, అక్కడే నిలబడి మగ్గాలు బయటికి మోయించినాడు.

సోమవారం సర్జన్ ఆ కాగితం చూసి, ఇంత ఉన్న మనిషి బస్సెక్కి రాడు అని వేరే ల్యాబుకి పంపించినాడు. క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది. మధ్యాహ్నం కింద బూత్‌కి అత్త ఫోన్ చేసింది. శనివారం నుంచి జరిగిందంతా అప్పుడే నాకు తెలిసింది. మామకి ఏమీ లేదంటరా అనే సంతోషంతోనే చెప్పింది పాపం. క్రియాటినిన్ ఇరవై ఎనిమిది అని ఆమె అనేటప్పటికి, అది యూరియా అంకెని, తప్పు ఎక్కడుందో నాకు తెలిసిపోయింది.

పైకొచ్చి సెల్వంకి చెప్పినా. వాడు ఒక్క ప్రశ్న అడిగినాడు, నంబరు ఎంత పెట్టినావని. ఏడు అన్నా. వాడు చెప్పులేసుకుని, పద గుడియాత్తం అన్నాడు. అక్కడ అరగంటలో పాత ఏడును, దాంతో పాటు పాత లోపలి గది ప్రోగ్రామునూ వెనక్కి పెట్టినాం. తిట్టుంటే బాగుండేది.

పళని అడిగినాడు, ఏమైందప్పా, మనిషిని చంపేసేవాళ్ళమే గదా అని. సెల్వం నా వైపు చూసినాడు. నేను నోరు తెరిచి, ప్రింటర్ తప్పు అన్నా. ఎట్లా వచ్చిందో నోట్లోకి, అట్లా వచ్చేసింది. ప్రింటర్లో లైన్లు అటూ ఇటూ జరిగి పడినాయని కూడా చేర్చినా. పళని వెంటనే ప్రింటర్ బాగుచేసే అతన్ని పిలిపించి, ఆ పెద్దాయన్ని మా ముందరే నిలబెట్టి తిట్టినాడు. ఆయన తల వంచుకుని ప్రింటర్ విప్పి, రిబ్బన్ మార్చి, నూనె వేసి పోయినాడు. నేను గోడ మీద క్యాలెండర్ చదువుతా నిలబడినా.

మామకి ఆపరేషన్ బాగానే అయింది. ఫోటో కూడా వచ్చింది, చాలా బాగా పడినాడు. బాగలేనిదల్లా ఆయన చెప్పిన నిజం. సుగుణమ్మ ఒక ఇంజనీరుని పిలిపించి దూలం పూత గీకించింది. దూలం అప్పటికే వేలెడు కిందికి వంగింది, ఈ వానలకి నిలిచేది కాదు, ఈరోజే కొయ్యలు నిలబెట్టండి అన్నాడాయన. నలుగురి ప్రాణాలు దక్కినాయి. మామ పేరు దక్కలేదు. మాట బజారులో పడింది. ముగ్గు పోసి పెట్టుకున్న రెండిళ్ళవాళ్ళు వేరే మేస్త్రిని చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ పేరు పోయేదానికి ఒక ఆదివారం చాలింది.

కుట్లు మానినాక మామ తన చేత్తోనే ఆ స్తంభం కట్టిస్తానని కే.వి.కుప్పం పోతా వచ్చినాడు. బరువు ఎత్తకూడదు కాబట్టి ఆదివారాల్లో నేను పోయి ఎత్తినా. పోయిన ఆదివారం స్తంభానికి పూత పూస్తా ఉన్నాడు. నేను సిమెంటు చట్టి అందిస్తా ఉన్నా. సుగుణమ్మ మాకు టీ ఇచ్చి లోపలికి పోయింది.

"ఈయమ్మ నన్ను తిట్టలేదురా" అన్నాడు మామ. "ఆ పొద్దు ఒకటే అడిగింది. చావు రాకుండా ఉంటే చెప్పుండవు గదన్నా, అని. ఎట్ల చెప్పుంటా? ఆరేండ్లు చెప్పలేదే."

చట్టి కింద పెట్టి చెప్పేసినా. ప్రింటర్ కాదు మామా, నేనే అని చెప్పినా. ఎనిమిది పెట్టాల్సింది, నువ్వు వద్దన్నావని ఏడే ఉంచేసినా, లోపల వరస మార్చి పైన పేరు పాతదే పెట్టినా, అందుకే నీ కాగితం అట్లా వచ్చింది అని మొత్తం చెప్పినా. నువ్వు స్తంభం తీసి పాత నాలుగే వేసిన మాదిరే మామా అని కూడా అన్నా. చెప్పేటప్పుడు ఏడ్చినా, దాచేదేముంది.

మామ పూత ఆపలేదు. తాపీ తిప్పుతానే ఉన్నాడు. అటు తిరిగే అడిగినాడు.

"ఎనిమిది వద్దంటిని, నిజమే. తొమ్మిది ఎయ్యొద్దని ఎవురు చెప్పిరి?"

నేను చట్టి మళ్ళీ చేతికి తీసుకున్నా.

"బయట మెట్లు ఎంచి రాపో" అన్నాడు.

పోయి ఎంచినా. తొమ్మిది. ఎత్తు సరిగ్గా ఎనిమిదికి సరిపోయేదే. ఒక్కో మెట్టూ కొంచెం పొట్టి చేసి తొమ్మిది కట్టినాడు. చిన్నప్పటి నుంచి ఆయన కట్టిన ఇళ్ళన్నిట్లో ఎక్కి దిగింది నేను. ఎనిమిది పడదని ఏడుకే ఆపేసి మిగిలింది ఎగిరి ఎక్కమని ఆయన ఏ ఇంట్లోనూ కట్టలేదు.

సోమవారం సెల్వంని అడిగినా, ఏడు తర్వాత తొమ్మిది పెట్టొచ్చునా అని. ఏ నంబరైనా పెట్టుకోవచ్చు, పాతది మాత్రం కాకూడదు, అంతే అన్నాడు. కంప్యూటర్ డిగ్రీ నాకుంది, బోర్డు మీద పేరు నాకుంది. ఒక్క అక్షరం చదవలేని మామ చెప్తే గాని నాకు తెలియలేదు.

ఇప్పుడు గుడియాత్తంలో మా లైబ్రరీ తొమ్మిది. మామ చేతే ఆ అంకె కొట్టించినా. పళనికి మాత్రం ఇంకా ప్రింటర్ తప్పే. ఆ రిపేరు పెద్దాయన బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతా. చెప్పాలనే ఉంది. ఏం చెయ్యను, నాకింకా అట్లాంటి రిపోర్టు రాలేదు.